పొగ తాగేవాళ్లకు ప్లాస్టిక్ సర్జరీ: కుట్టిన చర్మం నల్లబడకుండా ఉండాలంటే

విశాఖపట్నంలో ఒక ప్లాస్టిక్ సర్జరీ వార్డులో చాలా ఏళ్లుగా సిస్టర్‌గా చేస్తున్నాను. ప్లాస్టిక్ సర్జరీ అంటే సినిమావాళ్ల ముక్కులూ పెదాలూ అనుకుంటారు చాలామంది. మా మంచాల మీద ఉండేవాళ్లు వేరు. బైకు మీంచి పడి కాలి చర్మం లేచిపోయిన కుర్రాళ్లు, నోటి క్యాన్సర్ గడ్డ తీసేశాక ఛాతీ కండతో దవడ పూడ్పించుకున్నవాళ్లు, రెండు మూడు కాన్పుల తర్వాత జారిన పొట్ట బిగించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు, రొమ్ముల బరువుకి మెడనొప్పి భరించలేక తగ్గించుకున్నవాళ్లు. ఆపరేషన్ ఏదైనా వీటిలో సర్జన్ చేసే అసలు పని ఒకటే. చర్మాన్ని అడుగు నుంచి విడదీసి, ఏదో ఒక వైపు రక్తం వచ్చే దారి ఉంచి, కావలసిన చోటికి జరిపి కుట్టడం. అలా లేపిన చర్మాన్ని ఫ్లాప్ అంటాం.

ఫ్లాప్ చివరంచు బతుకుతుందా లేదా అన్నది ఆ మిగిలిన దారిలో ఎంత రక్తం వస్తుందన్న దాని మీదే ఉంటుంది. పొగ తాగేవాళ్లకు దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. ఆపరేషన్ బాగా జరిగి, రెండో రోజో మూడో రోజో అంచు నీలంగా మారి, వారానికి నల్లగా గట్టిపడితే బంధువుల నోట ముందు వచ్చే మాట "డాక్టరు సరిగ్గా కుట్టలేదు" అని. చాలాసార్లు కుట్టు బాగానే ఉంటుంది, కుట్టిన చర్మానికే రక్తం అందలేదు. ఈ నష్టంలో పెద్ద భాగం ఆపగలిగిందే. మా వార్డులో మంచం పక్కన నిలబడి చెప్పేవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీ సర్జన్ చెప్పింది వీటికి వేరుగా ఉంటే ఆయన మాటే వినండి, మీ ఫ్లాప్ ఎలా లేపారో ఆయనకే తెలుసు.

లోపల జరిగేది

నికోటిన్ ఒంట్లోకి వెళ్లగానే చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒక్క సిగరెట్ తాగితే ఆ ముడుచుకోవడం గంటకు పైనే ఉంటుంది. రోజుకో పెట్టె తాగేవాళ్లకు మెలకువగా ఉన్నంతసేపూ నాళాలు పూర్తిగా విచ్చుకునే సందే దొరకదు. దానికి తోడు పొగలోని కార్బన్ మోనాక్సైడ్. ఇది రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే వచ్చే కొద్ది రక్తమూ ఆక్సిజన్ సరిగ్గా మోసుకురాదు. పొగ వల్ల రక్తం తొందరగా గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది, వెంట్రుకంత నాళాలు మూసుకుపోవడానికి అది చాలు.

"సిస్టర్, వేలికి పెట్టిన మెషిన్‌లో ఆక్సిజన్ 98 చూపిస్తోందిగా, ఇంకేం?" అని అడుగుతారు. ఆ క్లిప్పు మెషిన్‌కి ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్నదానికీ తేడా తెలియదు. రెంటినీ కలిపి మంచిదిగానే లెక్కేస్తుంది. పొగ తాగేవాళ్ల విషయంలో ఆ నంబరు చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ఎంత తేడా ఉంటుందంటే, ముఖం చర్మం బిగించే ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్న వెయ్యిమందికి పైగా రోగులను చూసి 1984లో అమెరికాలో ఒక లెక్క తీశారు. తాగనివాళ్లతో పోలిస్తే తాగేవాళ్లలో చర్మం ఊడిపోవడం సుమారు 12 రెట్లు ఎక్కువ కనిపించింది. ఫేస్‌లిఫ్ట్‌లో అది చెవి వెనక చర్మం, పొట్ట ఆపరేషన్‌లో బొడ్డు కింద నడిమి భాగం, రొమ్ము తగ్గించే ఆపరేషన్‌లో నిలువు కుట్టూ అడ్డం కుట్టూ కలిసే మూల. రక్తం వచ్చే దారికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోట్లివి. మీ ఆపరేషన్‌లో అలాంటి చోటు ఏదో ముందే సర్జన్‌ని అడిగి తెలుసుకోండి. తర్వాత రోజూ చూసుకోవలసింది అదే.

ఆపరేషన్ తేదీ మన చేతిలో ఉంటే

ఎక్కువమంది ప్లాస్టిక్ సర్జన్లు పెట్టే షరతు, ఆపరేషన్‌కి కనీసం 4 వారాల ముందు నుంచీ, అయ్యాక కనీసం 4 వారాల దాకా ఏ రూపంలోనూ పొగాకు ముట్టకూడదని. 6 వారాలు అడిగేవాళ్లూ ఉన్నారు. డెన్మార్క్‌లో తుంటి, మోకాలి కీళ్ల మార్పిడి రోగుల్లో ఒక గుంపుతో 6 నుంచి 8 వారాల ముందే మాన్పించడానికి గట్టిగా పనిచేశారు. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో ఇబ్బందులు వచ్చినవాళ్లు ఆ గుంపులో 18 శాతం, మామూలుగా వదిలేసిన గుంపులో 52 శాతం. అది ఎముకల ఆపరేషన్ అయినా గాయం మానే పద్ధతి ఒంట్లో ఒకటే కదా.

క్యాలెండర్ మీద ఆపరేషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మానడానికి మాత్రలు వాడాలనుకుంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. వరెనిక్లిన్ మామూలుగా మానే రోజుకి వారం ముందు నుంచి, బుప్రొపియాన్ ఒకటి రెండు వారాల ముందు నుంచి వేసుకోవాలి. ఫిట్స్ ఉన్నవాళ్లకు బుప్రొపియాన్ పనికిరాదు, కాబట్టి మందుల షాపులో అడిగి కొనుక్కునే వ్యవహారం కాదిది. మొత్తం మీద ఆపరేషన్‌కి ఆరేడు వారాల ముందు డాక్టర్ దగ్గర కూర్చుంటే తీరిగ్గా అవుతుంది. పెళ్లి ముహూర్తానికి ముందు పొట్ట తగ్గించుకుందామని నెలలోపు వచ్చేవాళ్లుంటారు. పొగ అలవాటుంటే అలాంటి ఆపరేషన్ వాయిదా వేయడమే మేలు. వాయిదా వేసిన సర్జన్ మీద కోపం తెచ్చుకుని ఇంకో ఆసుపత్రికి వెళ్లి అక్కడ "తాగను" అని చెప్పే తెలివి మాత్రం వద్దు.

పొగాకు అంటే సిగరెట్ ఒక్కటే కాదని చెప్పడానికే మాకు సగం రోజు పడుతుంది. బీడీ, చుట్ట, హుక్కా, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ, ముక్కుపొడుం, పొగాకు కలిసిన పళ్లపొడి, అన్నీ లెక్కలోకే వస్తాయి. నమిలేవాటిలో పొగ లేదు గానీ నికోటిన్ బుగ్గ లోపలి పొర నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది. ఈ-సిగరెట్ల అమ్మకాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు, అయినా బయటి దేశాల నుంచి వచ్చిన పిల్లల జేబుల్లో కనిపిస్తూనే ఉంటాయి. "ఇది ఆవిరే ఆంటీ" అంటారు. ఆ ఆవిరిలోనూ సాధారణంగా నికోటిన్ ఉంటుంది. లైట్ సిగరెట్లన్నా, పదికి బదులు రెండే తాగుతున్నానన్నా అంతే. తక్కువ తాగేవాళ్లు తెలియకుండానే దమ్ము లోతుగా లాగుతారు.

పొగ మానడానికి వాడే నికోటిన్ గమ్, చర్మానికి అంటించే ప్యాచ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద సర్జన్లలోనే రెండు మాటలున్నాయి. వాటిలో కార్బన్ మోనాక్సైడ్ లేదు, మిగతా విషాలూ లేవు, కాబట్టి సిగరెట్ కంటే ఖచ్చితంగా నయం. డెన్మార్క్‌లోనే వలంటీర్ల చర్మం మీద చిన్న గాయాలు చేసి చూసిన ఒక ప్రయోగంలో 4 వారాలు పొగ మానినవాళ్లకు గాయాల్లో ఇన్ఫెక్షన్ తగ్గింది, నికోటిన్ ప్యాచ్ వేసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి ప్యాచ్ వేసుకున్నవాళ్లకూ తేడా కనబడలేదు. అయితే అవి చిన్న గాయాలు, విడదీసి జరిపిన ఫ్లాపులు కావు. నాళాలను ముడిచేది నికోటినే కాబట్టి పెద్ద ఫ్లాప్ ఉన్నప్పుడు గమ్, ప్యాచ్ కూడా వద్దనే సర్జన్లు చాలామంది. నాకు నచ్చే దారి ఏంటంటే, మానే మొదటి వారాల్లో గమ్ సాయం తీసుకుని, ఆపరేషన్ నాటికి దాన్నీ వదిలేయడం. ఎన్నాళ్ల ముందు వదలాలన్నది మీ సర్జన్‌ని అడిగి రాయించుకోండి. 2 మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు, కడుపులో మంట. నాలుక చురుక్కుమనే దాకా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి, చురుకు తగ్గితే మళ్లీ నమలాలి. టీ తాగిన వెంటనే వేసుకుంటే పట్టదు. నోటి ఆపరేషన్ వాళ్లకు గమ్ మాట అసలు ఎత్తకండి.

మానేశాక మొదటి రెండు మూడు రోజులే గడ్డుకాలం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో వాళ్ల మీద అరవడం. ఇంట్లో వాళ్లు దీనికి సిద్ధంగా ఉంటే సగం గెలిచినట్టే. అక్కడి నుంచి తగ్గుతూ మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. పొద్దున్నే సిగరెట్ వెలిగిస్తే గానీ బాత్రూంకి వెళ్లలేనివాళ్లకు మలబద్ధకం వస్తుంది. ఇది నవ్వులాట కాదు, పొట్ట ఆపరేషన్ అయ్యాక ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. ముందే మజ్జిగ, ఆకుకూర, నీళ్లు పెంచండి, అవసరమైతే డాక్టర్ విరేచనం సాఫీగా అయ్యే సిరప్ రాస్తారు. మాట సాయం కావాలంటే పొగాకు ప్యాకెట్ మీదే ఉంటుంది ప్రభుత్వ క్విట్‌లైన్ నంబరు, 1800-11-2356. డబ్బులు పడవు. పేషెంట్ల చేత వార్డులోంచే చేయిస్తాను నేను.

నిజం చెప్పండి, అడిగే తీరులో అడగండి

"అలవాట్లు ఏమైనా ఉన్నాయా?" అని భార్య, అత్తగారు, బావమరిది అందరూ నిలబడి ఉండగా అడిగితే నిజం ఎవడు చెబుతాడు? మత్తు డాక్టర్ చెకప్‌కి వెళ్లినప్పుడు బంధువులను బయట కూర్చోమని మీరే అడగండి. అటెండెంట్లకూ నేను చెప్పేది అదే, ఆ అయిదు నిమిషాలు లేచి వెళ్లండి.

ఆడవాళ్లను అడగడం మానేస్తారు చూడండి, అది ఇంకా పెద్ద పొరపాటు. మా వైపు శ్రీకాకుళం, విశాఖ తీరం పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్టని అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఒకామె దవడ మీద పుండు ఆపరేషన్‌కి వచ్చింది. కేస్ షీట్‌లో "అలవాట్లు లేవు" అని రాసుంది. "మామ్మా, చుట్ట అలవాటుందా?" అన్నాను. "లేదమ్మా" అంది. కోడలు కిటికీ వైపు చూస్తోంది. నోరు తెరవమని టార్చి వేసి చూశాను. అంగిలి మొత్తం తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలు. నోరు చెబుతున్నది నోట్లో కనిపించేదాన్ని దాచలేదు కదా. కోడలిని మందులకు పంపి మళ్లీ అడిగితే, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అల్లుడికి చెప్పకు" అంది. సర్జన్‌కి చెప్పాం, ఫ్లాప్ ప్లాన్ ఆ లెక్కతో మార్చుకున్నారు. అల్లుడికి ఎవరూ చెప్పలేదు.

కొన్ని చోట్ల ఆపరేషన్‌కి ముందు మూత్రంలో కోటినిన్ పరీక్ష చేస్తారు. నికోటిన్ ఒంట్లో అరిగాక మిగిలే పదార్థం కోటినిన్. నికోటిన్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 2 గంటలు చాలు, కోటినిన్‌కి అదే 16 గంటలకు పైన. అందుకే రెండు మూడు రోజుల కిందటి బీడీ కూడా దొరికిపోతుంది. గమ్, ప్యాచ్ వాడుతున్నా పరీక్ష పాజిటివే వస్తుంది, కాబట్టి ముందే చెప్పండి. దీన్ని పోలీసు పరీక్ష అనుకోకండి. తెలిస్తే సర్జన్ చర్మాన్ని తక్కువ విడదీస్తారు, లాగుడు తగ్గిస్తారు, ఒకేసారి చేయవలసింది రెండు విడతలుగా చేస్తారు. విడతలుగా చేయడం అంటే, ముందు ఫ్లాప్ అంచులు కొంతమేర కోసి అక్కడే వదిలేస్తారు. ఆ చర్మం తక్కువ రక్తంతో బతకడం అలవాటు చేసుకుంటుంది, మిగిలిన నాళాలు వెడల్పవుతాయి. ఒకటి రెండు వారాలాగి అప్పుడు జరుపుతారు.

నుదుటి చర్మంతో ముక్కు కట్టే ఆపరేషన్‌లో ఇది బాగా పనికొస్తుంది. ఆ ఆపరేషన్ మన దేశానిదే. పుణె వైపు కావస్జీ అనే బండి తోలేవాడికి అలా ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాకే యూరప్ డాక్టర్లు దాని మీద పడ్డారు. ఇప్పటికీ ఆ ఫ్లాప్ కాడను, అంటే దానికి రక్తం తెచ్చే వైపును, మామూలుగా మూడు వారాలకు కోస్తారు. తాగేవాళ్లకు మధ్యలో ఇంకో విడత పెట్టి, తొందరపడకుండా చేస్తారు.

నాలుగు వారాలు ఆగే వీల్లేకపోతే

యాక్సిడెంట్ ముహూర్తం చూసుకుని జరగదు. క్యాన్సర్‌ని పొగ మానే దాకా ఆపి ఉంచకూడదు. అలాంటప్పుడు "ఎలాగూ టైం లేదు, ఇప్పుడు మానితే ఏం లాభం" అనే మాట వింటుంటాను. లాభం ఉంది. కార్బన్ మోనాక్సైడ్ మామూలు గాలిలో 4 నుంచి 6 గంటలకు సగం అవుతుంది. ఆపరేషన్‌కి ముందు ఒక రోజు పూర్తిగా ఆపినా ఆ మేరకు రక్తం ఆక్సిజన్ బాగా మోస్తుంది, నికోటిన్ కూడా చాలావరకు దిగిపోతుంది. ఆపరేషన్ ముందు హఠాత్తుగా మానితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయని ఒక పుకారు ఉంది. పట్టించుకోకండి, ఎప్పుడు మానినా మంచిదే. అడ్మిట్ అయిన గంట నుంచి మానడం మొదలు.

ఒక చోటి నుంచి పూర్తిగా తీసి, ఇంకో చోట మైక్రోస్కోప్ కింద నాళాలు కుట్టి పెట్టే ఫ్రీ ఫ్లాప్ గురించి ఒక మాట. పెద్ద నాళం కుట్టు నిలబడి ఫ్లాప్ బతికినా, తాగేవాళ్లకు దాని అంచులూ, చర్మం తీసిన చోటూ మానక సతాయిస్తాయి. ఫ్లాప్ పట్టిందన్న సంతోషంలో తొడనో ముంజేతినో చూడటం మరిచిపోకండి.

వార్డులో మొదటి మూడు రోజులు

ఫ్లాప్ చూడటం మా పని అయినా అటెండెంట్‌కి కూడా నేర్పిస్తాను, ఎందుకంటే పక్కనే కూర్చునేది వాళ్లు. రాత్రి డ్యూటీలో నేను చేసేది ఇది. ట్యూబ్‌లైట్ వేస్తాను, ఎప్పుడూ అదే లైటు. నీలం కర్టెన్ పక్కకి లాగేస్తాను, దాని నీడలో మంచి చర్మం కూడా నీలంగానే కనిపిస్తుంది. చెయ్యి కడుక్కుని గ్లవ్స్ వేసుకుని, ఫ్లాప్ చివర వేలితో మెల్లగా నొక్కి వదులుతాను. నొక్కినచోట పాలిపోయి, రెండు మూడు సెకన్లలో రంగు తిరిగొస్తే సరే. రంగు రావడానికి ఎక్కువసేపు పట్టినా, చర్మం పాలిపోయి చల్లగా మెత్తగా ఉన్నా రక్తం లోపలికి రావడం లేదని అర్థం. అలా కాకుండా నీలంగా, వంకాయ రంగులోకి మారి, ఉబ్బి బిగుసుకుని, నొక్కి వదలగానే తటాలున రంగు వచ్చేస్తే రక్తం వస్తోంది గానీ బయటికి పోవడం లేదు. రెండోది చూసి చాలామంది "రంగు బాగా వస్తోందిగా" అనుకుంటారు. అదీ అంతే ప్రమాదం.

నల్లని ఒంటిరంగు వాళ్లకు ఈ తేడా పట్టుకోవడం కష్టం. అప్పుడు ఫ్లాప్‌ని పక్క చర్మంతో కాదు, ఆ చర్మం ఏ చోటి నుంచి వచ్చిందో ఆ చుట్టుపక్కల రంగుతో పోల్చాలి. చేతి వెనక భాగంతో వేడి చూడాలి. ఫోన్‌లో ఫొటో తీస్తే ప్రతిసారీ అదే లైటు, అదే దూరం. మచ్చ కనిపిస్తే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీయమని సిస్టర్‌ని అడగండి, పెరుగుతోందో లేదో గంటలో తెలిసిపోతుంది.

రంగు మారితే పొద్దున రౌండ్స్ దాకా ఆగకండి. రాత్రి రెండయినా డ్యూటీ డాక్టర్‌ని పిలవండి, రాకపోతే మళ్లీ పిలవండి. ఫ్లాప్ కింద రక్తం గడ్డకట్టి ఉంటే తీసేయాలి, కుట్టు బిగువైతే ఒకటి రెండు తెంచాలి, నాళం మూసుకుపోతే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి. ఇవన్నీ గంటల లెక్కలో తేలే పనులు. పై పూత మందులు, జలగలు, ఆక్సిజన్ గది చికిత్స, అవసరాన్ని బట్టి సర్జన్ చూసుకుంటారు. నాళాలు తెరుచుకుంటాయట అని ఎవరో చెప్పిన మాత్ర మాత్రం మింగకండి, బీపీ పడిపోతే ఫ్లాప్‌కి వెళ్లే రక్తమే ముందు తగ్గుతుంది.

ఇక పడుకునే తీరు. పొట్ట ఆపరేషన్ అయితే తల వైపు ఎత్తి, మోకాళ్ల కింద దిండు పెట్టి, నడుం మడిచే ఉండాలి. నడిచేటప్పుడు కూడా సర్జన్ చెప్పేదాకా కొంచెం వంగే నడవాలి, నిటారుగా నిలబడితే కుట్టు లాగుతుంది. ఫేస్‌లిఫ్ట్ వాళ్లు ఎత్తు దిండుతో మెడ ముందుకు మడవకూడదు. ఫ్లాప్ మీద బరువు పడకూడదు, దాని కాడ మెలిపడకూడదు. పొట్టకు కట్టే బెల్టు, తలకు చుట్టే కట్టు లోపలికి రెండు వేళ్లు దూరాలి. సన్నగా కనబడాలని బెల్టు ఇంకో గడి బిగించుకునేవాళ్లు ఉంటారు, తెల్లారేసరికి దాని కింద చర్మం పాలిపోయి ఉంటుంది.

చలి తగలనివ్వకండి. ఏసీ గాలి నేరుగా మంచం మీద పడుతుంటే తగ్గించమని అడగండి, వణుకు పుడితే చర్మంలో నాళాలు మూసుకుంటాయి. వాపు తగ్గుతుందని ఐస్ పెట్టకూడదు, వెచ్చగా ఉంటుందని వేడినీళ్ల సంచీ అంతకన్నా పెట్టకూడదు. కొత్తగా కుట్టిన చర్మానికి స్పర్శ ఉండదు, కాలినా తెలియదు. ఒంటికి దుప్పటి, కాళ్లకు సాక్సులు చాలు. నొప్పి ఓర్చుకోవడం గొప్ప అనుకోకండి, నొప్పికి కూడా నాళాలు ముడుచుకుంటాయి, అడిగి మందు వేయించుకోండి. తాగేవాళ్లకు దగ్గు ఎక్కువ, గట్టిగా దగ్గితే లోపల రక్తం కారి ఫ్లాప్ కింద చేరుతుంది. పొట్ట కుట్టు ఉన్నవాళ్లు దిండును రెండు చేతులతో పొట్టకు అదుముకుని దగ్గాలి. గాయం లోపలి రక్తం, నీరు గొట్టంతో బయటికి లాగే డ్రెయిన్ సీసాలో ఉన్నట్టుండి ఎర్రటి రక్తం ఎక్కువైనా, పూర్తిగా ఆగిపోయి అక్కడ ఉబ్బినా వెంటనే చెప్పాలి.

మూడో రోజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మత్తు దిగి, సెలైన్ తీసేసి, తనంతట తాను బాత్రూంకి నడిచే రోజు అది. మానడం వల్ల వచ్చే పీకులాట కూడా సరిగ్గా అప్పుడే పైన ఉంటుంది. ఒక లారీ డ్రైవర్‌కి మోకాలి కింద ఫ్లాప్ పెట్టారు, రెండు రోజులు గులాబీ రంగులో చక్కగా ఉంది. చూడటానికి వచ్చిన స్నేహితుడు టిఫిన్ క్యారియర్ మీది గిన్నెలో ఇడ్లీ, అడుగు గిన్నెలో బీడీ కట్ట తెచ్చాడు. "పాపం, అల్లాడిపోతున్నాడని" అన్నాడు తర్వాత. ఆ సాయంత్రానికి చివర రెండు వేళ్ల మేర నీలం తిరిగింది, ఆ ముక్క దక్కలేదు. పరామర్శకు వచ్చేవాళ్లకు గుమ్మం దగ్గరే చెప్పండి. వాళ్లు బయట తాగి వచ్చినా ఫర్వాలేదు, పేషెంట్ ఉన్న గదిలో మాత్రం వెలిగించకూడదు. పక్కవాడి పొగలో కూడా అవే విషాలు.

ఇంటికి వెళ్లాక

డిశ్చార్జ్ కాగితంలో రాయని ప్రమాదం వీధి చివర టీ కొట్టు. వార్డులో పదిమంది కాపలా, ఇంటికెళ్తే ఎవరూ ఉండరు. మొదటి నెల టీ ఇంట్లోనే తాగండి. సిగరెట్ పట్టే స్నేహితులతో ఫోన్‌లోనే మాట్లాడండి. గాయం పైకి మానినట్టు కనిపించినా లోపల కొత్త నాళాలు వారాల తరబడి అల్లుకుంటూనే ఉంటాయి.

తిండి దగ్గర మన పథ్యాలు కొంప ముంచుతాయి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వాతమని, చేప వద్దని, చారన్నంతో నెల గడిపేవాళ్లను చూస్తూనే ఉంటాం. కొత్త చర్మం పట్టడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, శనగలు, ఏది అలవాటైతే అది పూటపూటా తినండి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి. షుగర్ ఉంటే రోజూ చూసుకోండి. పొగ, షుగర్ రెండూ ఉన్నవాళ్ల ఫ్లాప్ అంటే మాకే టెన్షన్.

డ్రెస్సింగ్ మీద సొంత వైద్యం వద్దు. పసుపు, కాఫీ పొడి, బూడిద, కొబ్బరినూనె, పాత చీటీ మీది పౌడర్, ఏదీ చల్లకండి. రంగు కప్పేస్తే మేం చూడవలసింది మాకు కనబడదు. నీటి పొక్కు లేస్తే గిల్లకండి.

ఇన్ని చేసినా ఒక్కోసారి అంచు నల్లబడుతుంది. అప్పుడు కంగారుపడి లాగేయకండి. చిన్న ముక్క ఎండి నల్లగా గట్టిపడి, చుట్టూ ఎరుపు లేకుండా, వాసన లేకుండా ఉంటే సర్జన్లు చాలాసార్లు దాన్ని అలాగే ఉంచుతారు. కింద కొత్త చర్మం పాకుతూ వస్తుంటే అది రెండు మూడు వారాల్లో అంచుల నుంచి తనే విడుస్తుంది. తడిగా, పసుపుపచ్చగా మారినా, వాసన వచ్చినా, చుట్టూ ఎర్రబడి పాకుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి రండి. చచ్చిన భాగం తీసేసి శుభ్రం చేయాలి, పెద్దదైతే తొడ నుంచి పల్చటి చర్మం తెచ్చి అతికించాలి. ఆ అతికించే చర్మానికైతే మొదటి రోజుల్లో సొంత నాళమే ఉండదు, కింది పచ్చిపుండు నుంచి పీల్చుకుని బతకాలి. కాబట్టి ఆ ఆపరేషన్‌కి కూడా పొగాకు విషయంలో ఇవే నియమాలు, మళ్లీ మొదటి నుంచి.

మచ్చ సరిచేయించుకోవాలనుకుంటే మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమంటారు. ఈలోగా మచ్చ మీద ఎండ పడకుండా బట్ట కప్పుకోండి, సర్జన్ చెప్పినప్పటి నుంచి మర్దన మొదలుపెట్టండి. రెండో ఆపరేషన్ తేదీ తీసుకోవడానికి వచ్చేటప్పుడు మొదటిసారి డిశ్చార్జ్ కాగితాలు, ఫోన్‌లో తీసిన ఫొటోలు తెచ్చుకోండి. మూత్ర పరీక్ష మళ్లీ ఉంటుంది.